ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుట: సంఘ సహవాసాన్ని గురించి

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని పదకొండవ అధ్యాయాన్ని మన సంఘాలలో దాదాపు ప్రతి నెలా, బల్ల ఆరాధన, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకొనే ప్రభువు రాత్రి భోజనం, జరిగే ఆదివారం వింటాము. ప్రభువు తాను అప్పగింపబడిన రాత్రి రొట్టెను ఎత్తుకొన్న సంగతి చెప్పే ఇరవై మూడవ వచనం దగ్గర కాపరి చదవడం మొదలుపెట్టి, ప్రతి మనిషీ తన్ను తాను పరీక్షించుకోవాలని హెచ్చరించే మాటల దగ్గర ఆపుతారు. దానికి ముందున్న మందలింపూ, చివరనున్న ఆజ్ఞా బల్ల దగ్గర చాలా అరుదుగా వినబడతాయి. ఆ ఆజ్ఞ ముప్పై మూడవ వచనంలో ఉంది: "కాబట్టి నా సహోదరులారా, భోజనము చేయుటకు మీరు కూడి వచ్చునప్పుడు ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి." ఒకరి కోసం ఒకరు ఆగండి అని దాని అర్థం. సంఘమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందుగా చూపించే వచనం ఇదే.

ఈ మాట బరువు తెలియాలంటే కొరింథులో ఏమి జరుగుతుండేదో చూడాలి. క్రీస్తు శకం 55 ప్రాంతంలో పౌలు ఎఫెసు నుండి ఈ పత్రిక రాసేనాటికి విశ్వాసులకు మందిరాలు లేవు. కాస్త విశాలమైన ఇల్లు ఉన్నవారి దగ్గర అందరూ కూడేవారు. ఆదివారం అప్పట్లో పనిదినమే; కాన్‌స్టంటైన్ చక్రవర్తి 321లో శాసనం చేసేవరకు ఆ దినానికి రోమా సామ్రాజ్యంలో విశ్రాంతి లేదు. తీరిక ఉన్నవారు పొద్దు ఉండగానే వచ్చి, తాము తెచ్చుకొన్నది తాము తినేవారు. ఓడరేవులో మూటలు మోసేవారు, యజమాని సెలవిస్తేనే గడప దాటగలిగే దాసులు వచ్చేసరికి పాత్రలు ఖాళీ అయ్యేవి. "ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును" అని పౌలు బాధతో రాసింది దీనినే. "దేవుని సంఘమును తిరస్కరించి పేదలను సిగ్గుపరచుదురా?" అని అడిగినదీ దీనినే. ఇక్కడ ఆయన వారి ప్రార్థనలో లోపం ఉందని గాని, రొట్టె విరిచే పద్ధతి తప్పని గాని అనలేదు. అన్నీ ఉన్నా, మీరు చేస్తున్నది ప్రభువు రాత్రి భోజనం కాదు పొమ్మన్నాడు. ఆలస్యంగా వచ్చేవాని కోసం ఆగని చోట రొట్టె రొట్టెగానే మిగిలిపోతుందని అపొస్తలుని తీర్పు.

ఆ అధ్యాయంలోనే "ప్రభువు శరీరమని వివేచింపక" తినడాన్ని గురించి కఠినమైన మాట ఒకటి ఉంది. రొట్టెను పరిశుద్ధమైనదిగా ఎంచడం అందులో ఉన్నది, నిజమే. అయితే తరువాతి అధ్యాయంలోనే పౌలు "మీరు క్రీస్తు యొక్క శరీరమైయుండి వేరు వేరుగా అవయవములై యున్నారు" అంటున్నాడు గనుక, పక్కన కూర్చున్న మనిషిలో ఆ శరీరాన్ని గుర్తించకపోవడం కూడా అదే దోషమని నేను నమ్ముతున్నాను. మనము బల్లకు ముందు చేసుకొనే ఆత్మపరీక్షలో అబద్ధాలు, కోపాలు, రహస్య పాపాలు జ్ఞాపకం చేసుకొంటాము. ఎవరు ఇంకా రాలేదు, ఎందుకు రాలేదు అనే ప్రశ్న ఆ పరీక్షలో ఉండవలసినది కాదా?

ఒడిశా సరిహద్దులోని మా గజపతి జిల్లాలో ఈ ప్రశ్న ఊహకు సంబంధించినది కాదు. పర్లాకిమిడి పట్టణపు సంఘంలో తొమ్మిదిన్నరకు ఆరాధన అంటే, పట్టణంలో ఉద్యోగాలు చేసుకొనేవారికి అది తేలికైన వేళ. కొండ దిగి వచ్చే సవర గిరిజన కుటుంబాలకు, పొలంలో తెల్లవారుజామున నీరు కట్టి వచ్చే కూలీలకు, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చే నర్సమ్మలకు, ఇంటిల్లిపాదికీ వండిపెట్టి గాని గడప దాటలేని తల్లులకు అది తేలికైన వేళ కాదు. వెనుక తలుపు దగ్గర చెప్పులు విడిచి, తల వంచుకొని చివరి వరుసలో కూర్చొనేవారు ఎప్పుడూ వారే. క్రమశిక్షణ అవసరమే, కాదనను. కాని గడియారం ఎవరి బతుకును చూసి పెట్టబడిందో అడగకుండా ఆలస్యాన్ని భక్తిలేమిగా లెక్కించే సంఘం కొరింథు వారి గుమ్మంలోనే ఇంకా నిలిచి ఉన్నట్టు. కులాన్ని బట్టి వేరువేరు పంక్తులు, వేరువేరు సమాధి స్థలాలు ఉంచుకొన్న సంఘాల సంగతి ఇక చెప్పనక్కరలేదు. "పేదలను సిగ్గుపరచుదురా" అన్న ప్రశ్న వారిని సూటిగానే అడుగుతున్నది.

సరిహద్దులో ఉన్నవారికి మరొక భాగం ఇంకా దగ్గరగా తగులుతుంది. అపొస్తలుల కార్యముల ఆరవ అధ్యాయంలో తొలి సంఘంలోని తొలి సణుగుడు భాష వలన వచ్చింది. గ్రీకు మాట్లాడే యూదులు, అనుదిన పరిచర్యలో, అంటే రోజూ ఆహారం పంచే పనిలో, తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని హెబ్రీయుల మీద సణిగారు. అందరూ యూదులే, అందరూ ఒకే ప్రభువును నమ్మినవారే. అయినా వడ్డన దగ్గర భాష అడ్డం వచ్చింది. అపొస్తలులు ఆ ఫిర్యాదును కొట్టిపారేయలేదు, ఐక్యతను గురించి ప్రసంగం చేసి పంపలేదు. ఆత్మతోను జ్ఞానముతోను నిండుకొన్న ఏడుగురిని మీరే ఏర్పరచుకొనుడని జనసమూహానికే అప్పగించారు. అప్పుడు ఎన్నికైనవారి పేర్లు స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఈ ఏడూ గ్రీకు పేర్లే. నీకొలాసైతే అంతియొకయ నుండి వచ్చి యూదుల మతంలో కలిసినవాడు. అన్యాయం జరిగిందన్న పక్షం వారి చేతికే వడ్డనను అప్పగించడానికి ఆ సంఘం జంకలేదని ఈ పేర్లను బట్టి అనుకోవచ్చు. ఆ వెంటనే ఆ గ్రంథకర్త లూకా రాసిన మాట ఏమంటే, దేవుని వాక్యము ప్రబలమై శిష్యుల సంఖ్య యెరూషలేములో బహుగా విస్తరించెను. వడ్డన సరిచేసిన సంగతినీ వాక్యం విస్తరించిన సంగతినీ ఆయన పక్కపక్కనే ఉంచాడు.

మా ప్రాంతపు కథ తెలిసినవారికి ఇది ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. కెనడా బాప్టిస్టు మిషను 1874లో కాకినాడలో పని ప్రారంభించింది. ఆ పనే క్రమేణా ఉత్తరానికి పాకి పర్లాకిమిడి వరకూ, అక్కడి నుండి సవర కొండల వరకూ వచ్చింది. పశ్చిమాన కోరాపుట్‌కు 1882లో జర్మనీ నుండి బ్రెక్లం మిషను వారు వచ్చారు. జయపురం లూథరన్ సంఘం ఆ సేవ ఫలమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు, అంతవరకూ మద్రాసు రాష్ట్రంలో ఉన్న పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం ఒడిశాలోకి వెళ్లాయి. పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. బంధువులు ఒక రాష్ట్రంలో, సంఘం మరొక రాష్ట్రంలో అయిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో. పెద్దలు తెలుగు కీర్తనలు కంఠస్థంగా పాడతారు. బడిలో ఒడియా చదివిన మనవలు అవే కీర్తనలను ఒడియా లిపిలో రాసుకొని పాడతారు. సవర సోదరులు రోమను లిపిలో అచ్చయిన తమ బైబిలును ఒడిలో పెట్టుకొని తెలుగు ప్రసంగం వింటారు.

ఇలాంటి సంఘంలో లెక్కల పుస్తకం, మైకు, బల్ల దగ్గరి సేవ అన్నీ ఒకే భాషవారి చేతిలో తరతరాలుగా ఉండిపోతే, మిగిలినవారు అతిథులుగానే ఉంటారు. అతిథిని మర్యాదగా చూడవచ్చు. కాని అవయవం అతిథి కాదు. పట్టణపు తెలుగు సంఘాలవారమైన మనము, సవర విశ్వాసి వచ్చి సాక్ష్యం చెబితే సంతోషించి, కోశాధికారి పదవి దగ్గరకు వచ్చేసరికి వెనుకాడుతున్నామా అని యథార్థంగా చూసుకోవాలి. యెరూషలేము సంఘం గ్రీకు మాట్లాడేవారిని కేవలం పాట పాడించడానికి పిలవలేదు. వడ్డించే పాత్రనే వారి చేతికిచ్చింది.

రానివారి కోసం ఆగడం ఒకటైతే, రాలేనివారి దగ్గరకు వెళ్లడం దాని రెండవ సగం. క్రీస్తు శకం 155 ప్రాంతంలో హతసాక్షి జస్టిన్ రోమా చక్రవర్తికి పెట్టుకొన్న విజ్ఞాపనలో ఆదివారపు కూడికను వర్ణించాడు: పట్టణాల్లోనూ పల్లెల్లోనూ ఉన్నవారంతా ఒకచోట కూడుతారు, అపొస్తలుల రాతలో ప్రవక్తల గ్రంథాలో చదువుతారు, అధ్యక్షుడు హెచ్చరిస్తాడు, లేచి నిలిచి ప్రార్థిస్తారు, రొట్టె, ద్రాక్షారసం పంచుతారు. ఆ వెంటనే, రాలేకపోయినవారికి ఆ భాగాన్ని పరిచారకులు తీసుకొని వెళతారని రాశాడు. కానుకలు అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరసాలలో ఉన్నవారికి, పరదేశులకు చెందుతాయనీ రాశాడు. విశ్వాసుల మీద అపవాదులు ఉన్న రోజుల్లో, మేము ఇలాంటివారమని పాలకుని ముందు నిరూపించుకోవడానికి ఆయన ఎన్నుకొన్న వివరాలు ఇవి. మంచం పట్టిన ముసలమ్మ ఇంటికి బల్ల తీసుకొని వెళ్లే పెద్దలు మన సంఘాలలో ఇప్పటికీ ఉన్నారు. వారు చేస్తున్నది ఆరాధనకు అనుబంధమైన పని అని నేను అనుకోను. ఆ గదిలో రొట్టె విరిచేవరకు ఆ ఆదివారపు ఆరాధన ముగియలేదనే అనుకొంటాను.

"ఒక అవయవము శ్రమపడునప్పుడు అవయవములన్నియు దానితోకూడ శ్రమపడును" అనే వాక్యాన్ని మా ప్రాంతంవారు పుస్తకంలోనే చదువుకోలేదు. 2008 ఆగస్టులో ఒడిశాలోని కందమాల్ జిల్లాలో క్రైస్తవుల ఇళ్లు, ప్రార్థనా స్థలాలు కాలిపోయి వేలాదిమంది శిబిరాలకు చేరినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల్లో చరియలు విరిగిపడినప్పుడు, మనదే భాష కానివారి కోసం బియ్యం కొలవడం, దుప్పట్లు మూటకట్టడం అంటే ఏమిటో ఇక్కడివారికి తెలిసింది. ఆ తుపాను తరువాత సహాయం అందుకొన్న ఇళ్లలో ఏ సంఘానికీ చెందనివి కూడా ఉన్నాయి. అలాగే ఉండాలి. గాలివాన మతం అడగలేదు.

ఇంట్లో ఫోను తెరిస్తే మంచి ప్రసంగం వినబడుతుంది కదా, మందిరానికి ఎందుకు రావాలి అని యువకులు అడుగుతుంటారు. ప్రసంగం వినబడుతుంది, నిజమే. కాని ఫోనులో మనము ఎవరి కోసమూ ఆగనక్కరలేదు, మన కోసం ఎవరూ ఆగరు. "సమాజముగా కూడుట మానక, ఒకనినొకడు హెచ్చరించుచు" అని హెబ్రీ పత్రిక చెప్పింది ఒకరి ముఖం ఒకరు చూసుకొనేవారితోనే. రోగులకు, దూరదేశంలో ఒంటరిగా ఉన్నవారికి ఫోను ఆరాధన మేలే చేస్తుంది. ఆరోగ్యంగా పక్క వీధిలో ఉన్నవారికి అది చాలదు.

కొందరు మాత్రం సోమరితనం వలన గాక, గాయపడినందువలన రావడం మానేస్తారు. పెద్దల మధ్య తగవు, చందా దగ్గర ఒక మాట, పెళ్లి దగ్గర జరిగిన అవమానం, ఇలాంటివి కారణమవుతాయి. "ఇద్దరు ముగ్గురు నా నామమున ఎక్కడ కూడి యుందురో అక్కడ నేను వారి మధ్యన ఉందును" అనే మాటను మందిరంలో జనం తక్కువైనప్పుడు ధైర్యం కోసం చదువుకొంటాము. మత్తయి పద్దెనిమిదవ అధ్యాయంలో అది ఉన్న చోటు వేరు. తప్పిపోయిన గొఱ్ఱెను వెదకే కాపరి మాట అయిన వెంటనే, తప్పిదం చేసిన సహోదరుని దగ్గరకు ఒంటరిగా పోయి మాట్లాడుమని, అతడు వినకపోతే "ఒకరినిద్దరిని వెంటబెట్టుకొని అతనియొద్దకు పొమ్ము" అని ప్రభువు చెప్పిన తరువాత వచ్చిన వాగ్దానం అది. ఆ ఇద్దరు ముగ్గురు, సహోదరుని సంపాదించుకోవడానికి బయలుదేరినవారు కూడా. మందిరంలో బెంచీ మీద కూర్చొని అతడే రావాలి అని ఎదురుచూడడాన్ని కనిపెట్టుకొని యుండుట అనలేము.

ఇలా రాక మానిన కుటుంబాలు ఏవో ప్రతి సంఘంలోనూ పెద్దలకు తెలుసు. క్రిస్మసు చందా కోసం వారి ఇళ్లకు వెళ్లేవారు ఉన్నారు. కాపరి గారు సంవత్సరానికి ఒకసారి వెళ్లి ప్రార్థన చేసి వస్తారు. దానికి డిసెంబరు వరకు ఆగనక్కరలేదు. వారి భాష మాట్లాడగలవారు ఒకరు, వారిని నొప్పించిన పక్షం నుండి ఒకరు కలిసి ఈ వారంలోనే బయలుదేరవచ్చు. చందా పుస్తకం మాత్రం వెంట తీసుకొని వెళ్లకూడదు.