గాజు వెనక్కే తేలిగ్గా ఎందుకు లొంగింది?

గుంటూరు బ్రాడీపేటలో అద్దె గదిలో ఉండి ఎం.టెక్ ప్రాజెక్టు చేసిన రోజులవి. కంప్యూటర్‌లో గాజును తయారుచేసి, పక్కకు నెట్టి, తర్వాత వెనక్కి నెట్టి, ఎక్కడ శాశ్వతంగా రూపు మారుతుందో చూడాలి. రెండు సైజుల అణువులు 80:20 పాళ్లలో తీసుకున్నాను. అన్నీ ఒకే సైజువైతే చల్లారేటప్పుడు వరసకట్టి స్ఫటికమైపోతాయి. ఇలా కలిపి గబగబా చల్లారిస్తే ద్రవంలోని గందరగోళం అలాగే బిగుసుకుపోతుంది. గాజంటే అదే.

మొదటి గ్రాఫ్ చూడగానే టెన్షన్ పట్టుకుంది. ముందుకు నెడితే గట్టిగా నిలబడిన గాజు, వెనక్కి నెట్టేసరికి చాలా తక్కువ ఒత్తిడికే లొంగిపోయింది. లోహాల్లో ఇది మామూలే. 1880లలో జర్మనీలో బౌషింగర్ అనే ఇంజనీరు గమనించాడు, ఆయన పేరే దానికి పెట్టారు. కానీ లోహంలో అణువుల వరసలుంటాయి, వాటి మధ్య జారే లోపాలుంటాయి. గాజులో వరసలే లేవే! ప్రోగ్రామ్‌లో తప్పుందనుకుని మూడు వారాలు వెతికాను.

చివరికి మా గైడ్ మేడమ్ అడిగారు: "కొత్త గాజును నేరుగా వెనక్కి నెట్టి చూశావా?"

చూడలేదు. ఆ రాత్రే 20 నమూనాలు రన్‌కి పెట్టాను. మధ్యలో కరెంటు పోయి రెండుసార్లు మొదటినుంచి చేయాల్సి వచ్చింది. సగటు తీస్తే ముందుకు (కుడికి) నెట్టినా, వెనక్కి (ఎడమకి) నెట్టినా ఒకటే గీత. అంటే ప్రోగ్రామ్ సరిగ్గానే ఉంది. ఒకసారి నెట్టాకే గాజుకు కుడి ఎడమల తేడా వస్తోంది.

అదెలాగో విజయవాడ బస్సులో నిలబడి వెళ్తుంటే అర్థమైంది. డ్రైవర్ బ్రేక్ వేస్తే అందరూ కదలరు. కాస్త సందున్న చోట నలుగురైదుగురు ముందుకు ఒరుగుతారు. అంతే గట్టిగా బ్రేక్ మళ్లీ వేసినా వాళ్లు ఇంకా ఒరగలేరు. బస్సు ముందుకు దూకిందా, మొదట వెనక్కి పడేది వాళ్లే. గాజులోనూ కొన్ని పదుల అణువుల గుంపులు అలాగే తిరుగుతాయి. 1979లో ఆర్గన్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఈ ఆలోచనను 1998లో ఫాక్, లాంగర్ అనే మరో ఇద్దరు రెండు స్థితుల సిద్ధాంతంగా మలిచారు. ముందుకు తిరిగిన గుంపు అదే దిక్కున మళ్లీ తిరగదు, వెనక్కి తిరగడానికి మాత్రం సిద్ధంగా ఉంటుంది.

నెట్టిన గాజు, నెట్టని గాజు పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. నాకు ఇప్పటికీ ఇదే అబ్బురం. ఆఖరి పరీక్షగా, నెట్టిన గాజును ద్రవమయ్యేదాకా వేడిచేసి మళ్లీ చల్లార్చాను. ఈసారి ముందుకు, వెనక్కి నెట్టిన రెండు గీతలూ కలిసిపోయాయి. ఆ గ్రాఫ్‌నే థీసిస్‌లో చివరి బొమ్మగా పెట్టాను.