చలి ముదరకముందే పొట్టు పొయ్యి

కార్తీకం వెళ్ళిందంటే మా కోనసీమలో తెల్లవారుజామున మంచు కమ్మేస్తుంది. అత్తయ్య గారికి వేణ్ణీళ్ళు తప్పనిసరి. అందుకే వానలు తెరిపివ్వగానే పెరట్లో పొట్టు పొయ్యి, అంటే అడుగున కన్నమున్న రేకు డబ్బాలో రంపపు పొట్టు కూరి మండించే పొయ్యి, పని పట్టుకుంటాను.

ముందు డబ్బా అడుగు చూడాలి. తుప్పుకి చిల్లులు పడితే పొట్టు ఒక పక్కే కాలిపోతుంది. తర్వాత పొట్టు ఎండబెట్టడం. అసలు కిటుకంతా ఇక్కడే! సామిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టుని గోనెల మీద పరిచి, గుప్పిట పట్టి వదిలితే పొడిపొడిగా రాలేదాకా ఎండనివ్వాలి. తడి పొట్టు పొగే తప్ప సెగ ఇవ్వదు. చలిదేశాల పెల్లెట్ స్టవ్‌లలో వేసే, పొట్టుని ఒత్తి చేసిన గుళికలకీ తేమ 10 శాతం దాటకూడదు మరి.

మధ్యలో గాజుసీసా నిలబెట్టి, అడుగు కన్నంలోంచి సీసా దాకా కర్ర దూర్చి, చుట్టూ పొట్టు గట్టిగా కూరతాను. కర్ర లాగేసి, సీసాని తిప్పుతూ మెల్లగా పైకి తీస్తే గాలికి దారి మిగులుతుంది. వదులుగా కూరితే కూలిపోతుంది. ధాన్యం ఊక కూడా కలపొచ్చు గానీ, అందులో ఇసుకలా కాలకుండా మిగిలే సిలికా ఎక్కువ, బూడిద ఎత్తలేక చస్తాం.

చలి ఎంతున్నా దీన్ని తలుపులు మూసిన గదిలో మాత్రం వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీసేస్తుంది. మాదెప్పుడూ ఆరుబయటే, కొబ్బరాకుల మోపుకి దూరంగా.