లాల్‌బాగ్ పరుగు చిట్టా, ఆరో వారం: ఊపిరి లెక్క

ఈ వారం వేగం పెంచలేదు. అడుగులతో ఊపిరిని కలిపి లెక్కపెట్టడమే పని. అడుగుల లయకి టిక్ టిక్ కొట్టే మెట్రోనోమ్ యాప్‌లో నిమిషానికి 168 అడుగులు. మూడడుగులు పీల్చి మూడడుగులు వదిలితే నిమిషానికి 28 ఊపిర్లు, రెండు-రెండు అయితే 42. చదును దారిలో మూడు-మూడు హాయిగా సాగింది. కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఎక్కడం మొదలయ్యాక ముప్ఫై నలభై అడుగులకే రెండు-రెండుకి మారిపోయింది.

మారనివ్వాలి. అక్కడ పంతంగా మూడు-మూడే పట్టుకుంటే ఆయాసం ఇంకా పెరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కండరాల్లో ల్యాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. దాన్ని రక్తంలోని బైకార్బొనేట్ విరిచేటప్పుడు అదనంగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. మెడలో కెరోటిడ్ ధమని చీలే చోట ఉండే గ్రాహకాలు, మెదడు అడుగున మెడుల్లా దీన్ని పసిగట్టి ఊపిరిని తరుముతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఈ రొప్పు ఆక్సిజన్ చాలక వచ్చేది కాదు. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నా అంతే. ఊపిరి ఇలా తరుముకోవడం మొదలయ్యే హద్దు దాటామో లేదో తెలియాలంటే, “గోపురం దాకా ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కుదాం” అని ఒక్క ఊపిరిలో అనాలి. మధ్యలో తెగితే దాటినట్టే.

మొదటి రెండు నిమిషాల రొప్పు చూసి బెంబేలు పడక్కర్లేదు. రక్తంలో ఏమీ మారకముందే, కాళ్ళకి పంపిన ఆజ్ఞతో పాటే మెదడు ఊపిరికీ కబురు పెడుతుంది. కదిలే కండరాలు, కీళ్ళ నుంచి వచ్చే సంకేతాలూ దానికి తోడవుతాయి. పది నిమిషాలు నడిచాకే లెక్క మొదలుపెట్టండి.

పైపైన పీలిస్తే నష్టం ఎంతో చూడండి. 28 సార్లు లీటరున్నర చొప్పున పీల్చినా, 42 సార్లు లీటరు చొప్పున పీల్చినా 42 లీటర్లే. కానీ ప్రతి ఊపిరిలో సుమారు 150 మిల్లీలీటర్లు గొంతులో, శ్వాసనాళాల్లోనే ఆగిపోతాయి. ఊపిరితిత్తుల గాలిగూళ్ళకి చేరేది మొదటి పద్ధతిలో 37.8 లీటర్లు, రెండో దాంట్లో 35.7. అందుకే రెండు-రెండులో కూడా వదిలేది పూర్తిగా వదలాలి. పొట్ట లోపలికి పోయేదాకా వదిలితే పీల్చడం దానంతటదే లోతుగా వస్తుంది.

బండ ఎక్కబోయే ముందు గబగబా పది పెద్ద ఊపిర్లు తీసే అలవాటు చాలామందికి ఉంది, అది మానాలి. కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, మెదడు రక్తనాళాలు ముడుచుకుని తల తిరుగుతుంది. వాన పడిన రోజు బండ జారుతుంది, ఆ రోజు చదును దారే.

వచ్చే వారం అదే వాలు, 40 సెకన్ల చొప్పున ఆరుసార్లు, దిగేది నడకతో. దిగాక మూడు-మూడుకి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ప్రతిసారీ రాసుకోవాలి.