ర్యాంకు కంటే ముందే రాసుకోవలసిన ప్రాధాన్య క్రమం

పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న మిత్రులు నన్ను ఎక్కువగా అడిగేవి రెండు ప్రశ్నలు: ఏ పుస్తకాలు చదివారు, రోజుకు ఎన్ని గంటలు చదివారు. వీటికి సమాధానాలు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ ప్రయత్నంలో దేన్ని విజయంగా లెక్కపెట్టుకోవాలని ముందే నిర్ణయించుకున్నారని మాత్రం ఎవరూ అడగరు. సివిల్ సర్వీసుల పరీక్షను తెలుగు మాధ్యమంలో, తెలుగు సాహిత్యాన్ని ఆప్షనల్‌ (ఐచ్ఛిక విషయం)గా తీసుకుని మెయిన్స్ (రెండో దశ రాత పరీక్ష) వరకు రాసి, ఆ తర్వాత తెలంగాణ రాష్ట్ర ఉద్యోగాల పరీక్ష అయిన గ్రూప్-2 ద్వారా నాయబ్ తహసీల్దార్‌గా రెవెన్యూ శాఖలో చేరినవాడిని నేను. నా ప్రిపరేషన్ మొత్తంలో నాకు అన్నిటికంటే అక్కరకు వచ్చింది ఆ అడగని ప్రశ్నకు సమాధానాన్ని కాగితం మీద పెట్టుకోవడమే కనుక, దాని గురించే ఇక్కడ రాస్తున్నాను.

లక్ష్యం పెద్దదిగా ఉండాలా వద్దా అన్న విషయంలో నాకు సందేహం లేదు, ఉండాలి. శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లెలో పుట్టి, ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, మెయిన్స్‌ను తెలుగులోనే రాసిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్‌లో జాతీయ స్థాయిలో 3వ ర్యాంకు సాధించారు. తెలుగు మాధ్యమంలో అంత పైకి వెళ్లడం కుదరదని హైదరాబాద్‌లోని చిక్కడపల్లి గ్రంథాలయం ఆవరణలో అనుభవజ్ఞుల్లా తీర్పులు చెప్పేవారి నోళ్లు ఆ ఫలితంతో మూతపడ్డాయి. అయితే ఆ దారి ఎంత శ్రమతో కూడినదో కూడా తెలిసి ఉండాలి. ప్రిలిమ్స్ (మొదటి దశ ఆబ్జెక్టివ్ పరీక్ష) ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీ భాషల్లో మాత్రమే ఉంటుంది; అందువల్ల తెలుగు మాధ్యమం అభ్యర్థి ఇంగ్లిష్‌లో చదివి అర్థం చేసుకోవాలి, మెయిన్స్‌కు వచ్చేసరికి అదే విషయాన్ని తెలుగులో వేగంగా రాయాలి. పెద్ద లక్ష్యం పెట్టుకున్నామంటే ఈ రెండు పనులనూ తలకెత్తుకున్నామని అర్థం.

సివిల్స్‌కు చదివితే గ్రూప్స్ వాటంతటవే వస్తాయన్న మాట మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది. ఇందులో సగమే నిజం. రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ, చరిత్ర చాలావరకు ఉమ్మడిగానే ఉంటాయి. కానీ తెలంగాణ గ్రూప్-2లో ఒక్కొక్కటి 150 మార్కుల చొప్పున నాలుగు పేపర్లుంటే, అందులో ఒకటి పూర్తిగా తెలంగాణ ఉద్యమానికీ రాష్ట్ర ఆవిర్భావానికీ కేటాయించారు. ముల్కీ నిబంధనలు, 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం వంటి అంశాలను ఆబ్జెక్టివ్ ప్రశ్న అడిగేంత సూక్ష్మంగా చదవకపోతే ఎంతటి సివిల్స్ అభ్యర్థి అయినా అక్కడ చతికిలపడక తప్పదు. కాబట్టి పెద్ద లక్ష్యం పక్కన రెండో లక్ష్యాన్ని కూడా పెట్టుకున్నవారు దానికి విడిగా సమయం కేటాయించాలి. పై దాన్ని గురిపెట్టిన బాణం దారిలో కింది దాన్ని కూడా కొట్టుకుంటూ పోదు.

ఇక విజయం అనే దానికి మన కంటే ముందే ఇతరులు నిర్వచనాలు ఇచ్చి ఉంచుతారు. అశోక్‌నగర్ సందుల్లో కోచింగ్ సంస్థల హోర్డింగుల మీద ర్యాంకర్ల ఫొటోలే విజయం. ఊళ్లో బంధువులకు ‘కలెక్టర్’ తప్ప మరో మాట తెలియదు. వీటన్నిటికంటే లోతుగా మనలో నాటుకుపోయినది ఇంటర్మీడియట్ నాటి కొలత: వెయ్యికి 980 వచ్చినా ఆ 20 ఎక్కడ పోయాయని అడిగే ఇళ్లలో, కాలేజీల్లో పెరిగినవాళ్లం మనం. ఆ కొలతతో ఈ పరీక్షలోకి వస్తే మనసు నిలవదు. 2017 సివిల్స్‌లో దేశంలోనే మొదటి ర్యాంకు సాధించిన మెట్‌పల్లి వాసి దురిశెట్టి అనుదీప్‌కు వచ్చిన మార్కులు 2025కు 1126, అంటే 56 శాతం కూడా కాదు. ప్రిలిమ్స్‌లో జనరల్ కేటగిరీ కటాఫ్ 2019లో 200కు 98 కాగా, 2023లో 75.41కి పడిపోయింది. ఆ సంవత్సరం ఇచ్చిన వాక్యాల్లో ఎన్ని సరైనవని అడిగే తరహా ప్రశ్నలు ఎక్కువగా వచ్చాయి. తప్పు ఎంపికలను ఒక్కొక్కటే తీసేస్తూ జవాబు పట్టుకునే ఎలిమినేషన్‌కు అలవాటు పడినవారికి అవి కొరుకుడు పడలేదు. ‘120 మార్కులు తెచ్చుకోవాలి’ అని గోడ మీద రాసుకున్నవారు అలాంటి పేపర్ చూడగానే లక్ష్యం చేజారిందని కంగారుపడతారు, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుందని తెలిసి కూడా తెలియని ప్రశ్నలకు జవాబు గడులు నింపుతూ (బబ్లింగ్ చేస్తూ) పోతారు. పేపర్ కష్టంగా ఉంటే అందరికీ కష్టమేనని, కటాఫ్ కూడా దిగుతుందని వారికి తెలియక కాదు. ముందే గుండెలో పెట్టుకున్న అంకె వారిని ఆలోచించనివ్వదు.

అందువల్ల మార్కును, ర్యాంకును లక్ష్యంగా రాసుకోవడం నేను మానుకున్నాను. పూర్తిగా నా చేతిలో ఉన్న పనిని, అది కూడా అతి కష్టమైనదాన్ని, లక్ష్యంగా పెట్టుకున్నాను. మెయిన్స్ జనరల్ స్టడీస్ పేపర్‌లో మూడు గంటల్లో 20 ప్రశ్నలకు జవాబులు రాయాలి. పది మార్కుల ప్రశ్నకు 150 పదాలు, పదిహేను మార్కుల ప్రశ్నకు 250 పదాలు. లెక్క వేస్తే మొదటి రకానికి ఏడు నిమిషాలు, రెండో రకానికి పదకొండు నిమిషాలకు మించి దక్కవు. నా లక్ష్యం ఇరవయ్యో ప్రశ్నకు కూడా మొదటి ప్రశ్నకు రాసినంత శ్రద్ధగా ముగింపు వాక్యం రాయడం. వినడానికి ఇది చిన్నదిగా ఉంటుంది. రెండు గంటలు గడిచేసరికి బొటనవేలి కింద కండ బిగుసుకుపోతుంది, తెలుగు ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడతాయి, సమాఖ్య వ్యవస్థ మీద నాలుగు వాదనలు తలలో ఉన్నా కాగితం మీదకు రెండే దిగుతాయి. గడియారం పెట్టుకుని ప్రతి ఆదివారం పూర్తి పేపర్ రాస్తేనే ఆ ఇరవయ్యో జవాబు అందుతుంది. నేను తుది జాబితాలో లేకపోయినా, ఆ లక్ష్యాన్ని మాత్రం పరీక్ష హాల్లో అందుకున్నాను, దాన్ని నేను విజయంగానే లెక్కపెట్టుకుంటాను. ఇది ఓదార్పు కోసం తర్వాత అల్లుకున్న మాట కాకుండా ఉండాలనే దాన్ని ముందుగా రాసిపెట్టుకున్నది.

దీని కంటే కష్టమైన రాత మరొకటుంది. సివిల్స్‌లో ఒక దశ దాటాక అభ్యర్థులను సర్వీసుల ప్రాధాన్య క్రమం ఇవ్వమంటారు. గ్రూప్-2లో నాయబ్ తహసీల్దార్, మున్సిపల్ కమిషనర్ గ్రేడ్-3, ఏసీటీవో (సహాయ వాణిజ్య పన్నుల అధికారి), సబ్ రిజిస్ట్రార్, మండల పంచాయతీ అధికారి, ఎక్సైజ్ ఎస్సై, సచివాలయంలో ఏఎస్‌వో (అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్) వంటి పోస్టులకు వెబ్ ఆప్షన్లు (ఆన్‌లైన్‌లో ప్రాధాన్య క్రమం) పెట్టమంటారు. నాకు తెలిసిన అభ్యర్థుల్లో చాలామంది ఈ క్రమాన్ని గడువు చివరి రోజున, నెట్ సెంటర్‌లో కూర్చుని, సీనియర్ పంపిన జాబితాను చూసి నింపారు. ఏళ్ల తరబడి చదివి, ముప్పై ఏళ్లు చేయవలసిన పనిని పది నిమిషాల్లో మరొకరి ఇష్టప్రకారం ఎంచుకోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడని విషయం. ఈ క్రమాన్ని నోటిఫికేషన్ రాకముందే మీ చేతిరాతతో రాసుకోవాలి, ఒక్కో పోస్టు పక్కన అది ఆ స్థానంలో ఎందుకుందో ఒక వాక్యం రాయాలి. ‘జీతం’ అని రాసినా తప్పు లేదు, ‘ఇంటికి దగ్గరగా ఉండవచ్చు’ అని రాసినా తప్పు లేదు. వాక్యం రాయలేకపోతే మాత్రం ఆ స్థానం మీరు ఇచ్చింది కాదు.

నేను రాసుకున్నప్పుడు ‘కలెక్టర్’ పక్కన వచ్చిన వాక్యం నన్నే ఆశ్చర్యపరిచింది. మా నాన్నకున్న రెండెకరాల పది గుంటల భూమిలో ఆ పది గుంటలు పాసు పుస్తకంలోకి ఎక్కక, వాటి కోసం ఆయన పహాణీ (భూమి రికార్డు) నకళ్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఒక కార్యాలయం చుట్టూ తిరిగిన రోజులే నాకు ఆ కోరిక కలిగించాయి. అంటే నేను కోరుకున్నది భూమి రికార్డు సరిచేసే చోట కూర్చోవడం. ఆ పని కలెక్టర్ చేతికి వెళ్లేలోపు తహసీల్దార్ కార్యాలయంలో విచారణకు వస్తుంది. అందుకే, పట్టణంలో హోదా ఎక్కువని మిత్రులు చెప్పినా, వెబ్ ఆప్షన్లలో మున్సిపల్ కమిషనర్ కంటే పైన నాయబ్ తహసీల్దార్ పెట్టాను. ఈ ఉద్యోగం కలెక్టర్ ఉద్యోగంతో సమానమని నేను చెప్పను. అధికారంలోనూ, చేయగలిగిన మేలులోనూ ఎంతో తేడా ఉంది, దాన్ని దాచడం వల్ల ప్రయోజనం లేదు. (పదోన్నతుల మీద డిప్యూటీ కలెక్టర్ అయి, అక్కడి నుంచి ఐఏఎస్ కూడా కావచ్చని మా బంధువులు లెక్కలు కడుతుంటారు. నిబంధనల్లో ఆ దారి ఉన్న మాట నిజమే కానీ, ఆ లెక్క వేసుకుని మాత్రం ఎవరూ ఈ ఉద్యోగంలో చేరవద్దు.)

ప్రాధాన్య క్రమం రాసినప్పుడే ఎక్కడ ఆగాలో కూడా ఒక గీత గీసుకోవాలి. సివిల్స్‌లో జనరల్ అభ్యర్థులకు 32 ఏళ్ల వరకు ఆరు ప్రయత్నాలు, ఓబీసీలకు 35 ఏళ్ల వరకు తొమ్మిది, ఎస్సీ, ఎస్టీలకు 37 ఏళ్ల వరకు పరిమితి లేని ప్రయత్నాలు ఉన్నాయి. ఇవి కమిషన్ గీసిన గీతలు. ఇంటి పరిస్థితిని బట్టి మీ గీత వీటికి ముందే ఉండవచ్చు. రాష్ట్ర పరీక్షల్లోనైతే మన అంచనాకు అందని ఆలస్యాలు కూడా ఉంటాయి. 2022లో 503 పోస్టులకు వెలువడిన తెలంగాణ గ్రూప్-1 ప్రకటన కింద ప్రిలిమ్స్ రెండు పర్యాయాలు జరిగి, రెండు పర్యాయాలూ రద్దయింది. 2024లో 563 పోస్టులకు కొత్త ప్రకటన వచ్చాక అభ్యర్థులు మళ్లీ ప్రిలిమ్స్ నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. విజయాన్ని కేవలం ఫలితాల పత్రంతో ముడిపెట్టుకున్నవారికి ఆ రెండేళ్లు శూన్యంలా అనిపించాయి. గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం ఎవరికి వారే తేల్చుకోవాలి. అనుదీప్ 2013 పరీక్ష ద్వారానే కేంద్ర ప్రభుత్వ ఇండియన్ రెవెన్యూ సర్వీసుకు (ఐఆర్ఎస్) ఎంపికై, ఆ ఉద్యోగం చేస్తూనే మళ్లీ మళ్లీ రాసి మొదటి ర్యాంకు దాకా వెళ్లారు. అదే సర్వీసు దగ్గర తృప్తిగా ఆగిపోయి చక్కగా పనిచేసుకుంటున్నవారూ ఉన్నారు. వీరిలో ఎవరి లెక్క సరైనదని బయటివారు చెప్పలేరు.

క్రమం ఎలా రాయాలో తోచనివారికి నేను చెప్పేది ఒక్కటే. ఏదైనా ఒక సోమవారం స్టడీ హాల్ మానేసి, మీ జిల్లా కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి వెళ్లి ఒక మూల కూర్చోండి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా సోమవారాల్లో ఇలాంటి ఫిర్యాదుల కార్యక్రమం జరుగుతుంది. దరఖాస్తు పట్టుకుని వచ్చినవారు ఏం అడుగుతున్నారో, అధికారి దాన్ని చదివి ఏ శాఖకు రాస్తున్నారో, ఆ శాఖ ఉద్యోగి దాన్ని అందుకుని ఏం సమాధానం చెబుతున్నారో గమనించండి. పింఛను, భూమి, ఇల్లు, దారి తగాదా, ఇలా మధ్యాహ్నం వరకు అవే సమస్యలు తిరిగి తిరిగి వస్తాయి. ఆ బల్ల వెనుక కూర్చున్న వారిలో ఎవరి పని చూస్తే మీకు విసుగు పుట్టలేదో, ఎవరి పని చూస్తే ‘నేనైతే ఇలా చేసేవాణ్ణి, ఇలా చేసేదాన్ని’ అనిపించిందో ఆ సాయంత్రమే రాసుకోండి. వెబ్ ఆప్షన్ల గడువు వచ్చినప్పుడు నెట్ సెంటర్‌కు తీసుకెళ్లవలసిన కాగితం అదే.