ర్యాంపు ఉంది, కుర్చీ ఎక్కదు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఏ బడిలో అడిగినా ర్యాంపు ఉందనే అంటారు. ముందు టేపు పట్టి కొలవండి. లెక్క 1:12, అంటే అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. వరండా అడుగున్నర ఎత్తుంటే ర్యాంపు పొడవు 18 అడుగులు ఉండాలి. చోటు చాలదని మేస్త్రీ ఆరడుగులకే ముగిస్తే అది బియ్యం బస్తాలు లాగడానికి పనికొస్తుంది గానీ చక్రాల కుర్చీకి కాదు. చోటు లేకపోతే గోడ వెంబడి కట్టించండి, లేదా మధ్యలో ఐదడుగుల చదును ఇచ్చి వెనక్కి తిప్పండి. వెడల్పు 4 అడుగులు, రెండు పక్కలా కమ్మీలు. సిమెంటు నున్నగా తియ్యనివ్వొద్దు. పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డగీతలు గీయిస్తే వానకి జారదు. ఇంతా చేసి తరగతి గడప అలాగే వదిలేస్తారు, అదొక విడ్డూరం. మరుగుదొడ్డి తలుపు 3 అడుగులుండాలి, బయటికి తెరుచుకోవాలి.

వినికిడి మెషీన్‌కి మన తీరపు ఉక్కా, చెమటా శత్రువులు. రాత్రి బ్యాటరీ తీసేసి, మెషీన్‌ని సిలికా జెల్ ఉన్న మూతడబ్బాలో పెట్టాలి. జింక్ ఎయిర్ బ్యాటరీ స్టిక్కరు పీకాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి వెయ్యాలి. మాస్టారు బోర్డు వైపు తిరిగి పాఠం చెబితే మాత్రం ఏ మెషీనూ ఆదుకోదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు హక్కు. ఊళ్లో బడా, ప్రత్యేక బడా అన్న ఎంపిక హెడ్‌మాస్టరుది కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి సర్కారు నడిపే భవిత కేంద్రం బడికి తోడే, బదులు కాదు.