పొడి జత

విశాఖ నుంచి అరకు, పాడేరు, లంబసింగి మీదుగా నర్సీపట్నంలో దిగే దారిని సైకిలు మీద చుట్టి రావడానికి నవంబరు మంచి నెల. అరకు లోయలో వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూసి ఉంటాయి. అయితే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం కూడా అదే. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను, మన్యంలో కాఫీ మొక్కలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను కూడా కూల్చేసింది. మేము బయలుదేరే ముందు సముద్రం మీద అల్పపీడనం ఉంది. అది బలపడుతుందో, మబ్బులు మిగిల్చి పోతుందో తేలకుండానే సంచులు సర్దుకోవలసి వచ్చింది.

వెనకాల సామాను మోసే బండి మాకు లేదు. ఎవరి బరువు వారి క్యారియరు మీదే. ముందురోజు రాత్రి అందరం సంచులు విప్పి సామానంతా నేల మీద పరిచాం. గాలి పంపులు రెండు చాలు, చెయిన్ కట్టర్ ఒకటి చాలు, మందుల డబ్బా ఒకటి చాలు. అలా పంచుకుంటే ప్రతివారికీ కొంత బరువు తగ్గింది. పంచుకోవడానికి వీల్లేనిది మాత్రం పొడి బట్టల జత.

దీని మీద నాకు గట్టి పట్టుదల ఉంది. ఒక బనియను, పొడుగు చేతుల చొక్కా, ట్రాక్ ప్యాంటు, ఉన్ని మేజోళ్లు. వీటిని మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, లోపలి గాలి నొక్కి తీసేసి, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేయాలి. దాన్ని మరో సంచిలో పెట్టి అడుగున సర్దాలి. బసకు చేరాకే విప్పాలి. పొద్దున్న మళ్లీ నిన్నటి తడి చొక్కానే తొడుక్కుని రోడ్డెక్కాలి. ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. కానీ కాసేపు తొక్కితే ఒంటి వేడికే అది ఆరడం మొదలవుతుంది. ఆ కాస్త ఇబ్బందికి వెనకాడి పొడి జత తొడుక్కుంటే, దారిలో వాన తగిలిందంటే రెండు జతలూ తడుస్తాయి. ఇక ఆ రాత్రి కొండ మీద వణకడమే.

శృంగవరపుకోట దాకా ఒకటే ఉక్కపోత. ఘాట్ ఎక్కుతూ టైడా దాటాక చినుకులు మొదలయ్యాయి. కొత్తగా చేరిన కుర్రాడు వెంటనే సైకిలు ఆపి రెయిన్‌కోటు తీశాడు. మా బృందంలో పెద్దాయన వారించారు. "ఎక్కేటప్పుడు వద్దు తమ్ముడూ, లోపల చెమటకే తడిసిపోతావు. పైకి చేరాక వేసుకో." ఎంత సరైన మాటో ఆ మలుపుల్లో నాకు మళ్లీ తెలిసింది. ఎక్కుడులో వేగం ఉండదు, శ్రమ ఎక్కువ. కోటులో పుట్టిన ఆవిరి బయటికి పోదు. వానకు తడిసినా పాలిస్టరు చొక్కా త్వరగా ఆరుతుంది. నూలు చొక్కా నీళ్లు పీల్చుకుని గంటల తరబడి వంటికి అంటుకునే ఉంటుంది.

ఎక్కడం ఆగాకే అసలు చలి పట్టుకుంటుంది. గాలికొండ సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది, దానికి తోడు తడి ఒంటి మీద ఈదురుగాలి. బృందంలో అందరూ ఒకేసారి పైకి చేరరు. ముందు చేరినవారు వెనకవారి కోసం నిలబడాలి. అందుకే కోటు ప్రతివారి సంచిలో అన్నిటికన్నా పైన ఉండాలని, ఆగిన మరుక్షణమే వేసుకోవాలని ముందే మాట అనుకున్నాం.

అక్కడి టీ కొట్టులో, "అమ్మా, పాత పేపర్లు ఉన్నాయా?" అని అడిగాను. "పకోడీలు కట్టడానికి ఉంచాను బాబూ, తీసుకో" అని ఒక దొంతర ముందు పెట్టింది. ఒక్కొక్కరం రెండేసి కాగితాలు మడిచి చొక్కా కింద గుండెకు ఆనించి, పైన కోటు బిగించాం. సుంకరిమెట్ట వైపు దిగుతుంటే ఎదురుగాలి కాగితానికి కొట్టి టపటపమంది, ఛాతీకి మాత్రం సోకలేదు. అరకులో కోటు విప్పి చూస్తే నా బనియను మీద పెళ్లి ప్రకటన ఒకటి తిరగబడిన అక్షరాలతో అచ్చయి ఉంది. మిగిలిన పేపర్లను ఉండలు చుట్టి బూట్లలో కుక్కాం. నిద్రపోయే ముందు ఆ తడి ఉండలు తీసి కొత్తవి పెడితే, తెల్లారేసరికి బూటు లోపల చెమ్మ తప్ప నీరు లేదు. చలిమంట దగ్గర ఆరబెడదామన్నారు కొందరు. సోలు జిగురు వదిలిపోతుందని నేను ఒప్పుకోలేదు.

తెల్లవారితే ఎండ కాసింది. అల్పపీడనం బలహీనపడింది. పాడేరు దాకా, ఆపైన జి.మాడుగుల మీదుగా చింతపల్లి దాకా కోటు తీసే పని పడలేదు. ఒంటి మీదివి కాక తడిసిన మిగతా బట్టలన్నీ క్యారియరుకు కట్టి ఆరబెట్టుకుంటూ వెళ్లాం.

లంబసింగిలో తెల్లవారుజామున మాత్రం పొగమంచు ముంచేసింది. పది అడుగుల ముందున్న సైకిలు కనిపించలేదు, దాని ఎర్ర లైటు ఒక్కటే కనిపించింది. పగలే కదా అని లైట్లు సంచి అడుగున పెట్టుకున్నవారిని ఆపి, తీయించాకే కదిలాం. నర్సీపట్నం వైపు దిగుడు పొడవునా బ్రేకు పట్టుకునే ఉండాలి. చెమ్మకు గ్లవ్స్ తడిసి వేళ్లు కొయ్యబారితే బ్రేకు నొక్కడం కష్టం. మాతో వచ్చిన నర్సు ఒకామె, ఆసుపత్రిలో వాడే పల్చటి రబ్బరు గ్లవ్స్ అందరికీ ఇచ్చి, మామూలు గ్లవ్స్ కింద తొడుక్కోమంది. కింద సమతలం చేరేదాకా వేళ్లు వెచ్చగానే ఉన్నాయి. చలికాలంలో ఈ దారి పట్టేవారు గుప్పెడంత చోటు కూడా పట్టని ఆ రబ్బరు గ్లవ్స్ జతను సంచిలో వేసుకోండి, చినిగితే మార్చుకోవడానికి ఇంకో జత కూడా.