1920 ప్రాంతంలో పోయారనుకున్న ముత్తాత

మా ముత్తాత ఎప్పుడు పోయారో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ట్రంకుపెట్టెలో రెండు కాగితాలు దొరికాయి. ఒకటి నెల్లూరు జిల్లాలోని పొలానికి కట్టిన శిస్తు రసీదు, ఫసలీ 1325. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, దానికి 590 కలపాలి కాబట్టి 1915–16. పేరు ముత్తాతదే. రెండోది 1922 నాటి సక్సెషన్ సర్టిఫికెట్, అంటే పోయినవారికి రావాల్సిన డబ్బు తీసుకోడానికి వారసుడికి కోర్టు ఇచ్చే కాగితం. దాంతో ఆయన 1920కి అటూఇటూ పోయారని లెక్క వేసుకున్నాను.

ఆ లెక్క పట్టుకుని రెండు నెలలు తిరిగాను. చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కి (పాత ప్రభుత్వ రికార్డులు దాచే చోటు) వెళ్లాను, ఒక ఆఫీసులో మరణాల రిజిస్టర్లు 1918 నుంచి 1922 దాకా తిరగేయించాను. గుమాస్తా మూడోసారి నన్ను చూడగానే తల పట్టుకున్నాడు. పాపం, తప్పు అతనిది కాదు.

ముడి విప్పింది మాంబళంలో ఉండే మా మేనత్త. "తొమ్మిదేళ్లకే తలకొరివి పెట్టాడురా మా నాన్న. క్షీరాబ్ది ద్వాదశి నాడు ఆబ్దికం" అంది. తాతయ్య ఎస్సెస్సెల్సీ (స్కూలు ఫైనల్) పుస్తకంలో పుట్టిన ఏడు 1900. అంటే ముత్తాత పోయింది 1909లో!

మరి 1915లో శిస్తు ఎవరు కట్టారు? ఇంట్లోవాళ్లే కట్టారు, పట్టా మాత్రం ఎవరూ మార్పించలేదు. రసీదు పట్టాదారు పేరు మీద వస్తుంది, ఆయన బతికున్నాడో లేదో దానికి అనవసరం.

సర్టిఫికెట్ ఆలస్యం సంగతి కోర్టు నుంచి పిటిషన్ నకలు తెప్పించాక తెలిసింది. 1889 నాటి సక్సెషన్ సర్టిఫికెట్ చట్టం ప్రకారం చనిపోయిన తేదీ రాయాల్సింది పిటిషన్‌లో. నేను సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకు కూర్చున్నాను. పిటిషన్‌లో 1909 నవంబరు అని స్పష్టంగా ఉంది. తాతయ్యకి కోర్టు గార్డియన్‌ని పెట్టింది. అలా పెడితే అప్పటి చట్టంలో పద్దెనిమిదికి కాదు, ఇరవయ్యొక్కటికి మైనారిటీ తీరేది. అది తీరాకే ఆయన కోర్టుకెక్కారు, అదీ ముత్తాత పేరున ఉన్న ప్రభుత్వ ప్రామిసరీ నోట్ల కోసం, అంటే ప్రభుత్వం అప్పు తీసుకుని రాసిచ్చిన వడ్డీ పత్రాల కోసం. పొలానికి ఆ కాగితంతో పనే లేదు.

పిటిషన్‌కి జతచేసిన జాబితాలో రెండు నోట్లు, మూడున్నర శాతం వడ్డీవి. పన్నెండేళ్లుగా ఎవరూ వడ్డీ తీసుకోలేదు. ఆ డబ్బుతోనే తాతయ్య పెళ్లి జరిగిందని అత్తయ్య అనుమానం. శుభలేఖ దొరుకుతుందేమోనని మళ్లీ పెట్టె తెరిచాను.